నానమ్మ పసుపు గుడ్డ

"అబద్ధం!" అన్నాడు ఉపేంద్ర, చేగోడీ కరకరా నములుతూ. "తిమింగలమట! అదీ మీ ఊరి సముద్రంలోనట! అదీ ఒడ్డు మీంచి కనిపిస్తుందట!"

"కనిపిస్తాది!" విశాలి గట్టిగా అరిచింది. "రోజూ కనిపిస్తాది. తల్లీ, బిడ్డా. బిడ్డకి మేం పేరు కూడా పెట్టీసినాం తెలుసా? బుడ్డోడు!"

"మరేడీ నీ బుడ్డోడు?"

విశాలి సముద్రం వైపు చూసింది. నీళ్లు తళతళలాడుతున్నాయి. అంతే. ఇంకేమీ లేదు.

ఇద్దరూ ఇసుక దిబ్బ మీద కూర్చున్నారు. సూరాడపేటలో అన్నిటికన్నా ఎత్తైన చోటు ఆ దిబ్బే. వెనకాల సరుగుడు తోట. ముందు సముద్రం. కుడి పక్కన బోట్లు ఆగే చిన్న జెట్టీ. ఎడమ పక్కన నీళ్లలోంచి తలలు పైకెత్తినట్టు నల్లటి రాళ్లు. ఆ రాళ్ల అవతల ఏముందో జెట్టీ మీద నిలబడితే కనపడదు. దిబ్బ ఎక్కితేనే కనపడుతుంది.

ఉపేంద్ర విశాలికి మేనత్త కొడుకు. విజయనగరంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. తిమింగలాల్ని వీడియో తీసుకెళ్లి క్లాసులో అందరికీ చూపిస్తానని చెప్పి మరీ వచ్చాడు. తీరా వచ్చేసరికి పొద్దుటి బోటు వెళ్లిపోయింది. మధ్యాహ్నం బోటులో చోటు లేదు. సాయంత్రం బస్సుకి మళ్లీ ఇంటికి వెళ్లిపోవాలి. అందుకే అంత చిరాకు.

తిమింగలాలు ఈ చలికాలం మొదట్లో వచ్చాయి. బస్సంత తల్లి. దాని పక్కనే అచ్చం దానిలాగే ఉన్న చిన్నది. స్కూల్లో అనూరాధ టీచర్, "వీటిని హంప్‌బ్యాక్ తిమింగలాలు అంటారు పిల్లలూ. మన వైపు కనపడడం ఎంత అదృష్టమో!" అని ఎగిరి గంతేసినంత పని చేసింది. ఆ తర్వాత చూడాలి! బొబ్బిలి నుంచి, శ్రీకాకుళం నుంచి, ఎక్కడెక్కడి నుంచో జనం. అందరికీ బోటెక్కాలని ఆశ.

అప్పుడు ఊళ్లో పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. రోజుకి రెండే బోట్లు వెళ్లాలి. తిమింగలాలకి బాగా దూరంగా ఆగాలి. ఆగగానే ఇంజన్ ఆపెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, జగ్గమ్మ గుడ్డ ఊపితేనే బోటు అటు వెళ్లాలి.

జగ్గమ్మ విశాలి నానమ్మ. ఆవిడ పనే అది. పెద్దవల వేసే రోజుల్లో దిబ్బ మీద కూర్చుని నీళ్లని చూస్తూ ఉంటుంది. చేపల గుంపు వస్తే నీళ్ల రంగు మారుతుంది. బోటులో ఉన్నవాళ్లకి అది తెలీదు, ఎత్తు మీంచి చూసేవాళ్లకి తెలుస్తుంది. జగ్గమ్మ లేచి పసుపు గుడ్డ ఊపిందంటే, చేపలున్నట్టే. ఎక్కడెక్కడి బోట్లూ అటు పరిగెడతాయి. ఇప్పుడు అదే గుడ్డ తిమింగలాలకి కూడా పనికొస్తోంది.

ఆ గుడ్డ ప్రస్తుతం విశాలి ఒళ్లో ఉంది. ఎందుకంటే నానమ్మ గంజి తాగడానికి ఇంటికెళ్లింది. వెళ్లేముందు చెప్పే వెళ్లింది.

"ఒలే గుంటా, గుడ్డ గాలికెగిరిపోకుండ సూడు. ఊపకు."

"రాళ్ల కాడికొస్తేనో?"

"అక్కడికొస్తే అసలే ఊపకు! బాలెంత ఉన్న ఇంటికి ఊరందర్నీ పిలుస్తామేటే? గుమ్మానికి యేపమండ కట్టి, ఎవుల్నీ లోపలికి రానీకుండ కాపు కాస్తామా నేదా? ఆ రాళ్లెనకాల దాని పురుడిల్లు. బిడ్డకి పాలిచ్చుకుంటాది, ఓ కునుకు తీస్తాది. అది లోతులోకి ఎల్లినప్పుడు సూసుకోవచ్చు. అక్కడుండగా మనకేటి పని?"

"సరే నానమ్మా," అంది విశాలి. నిజంగానే అంది. ఊపాలని అప్పుడు అసలు అనుకోలేదు.

"రేపు మా క్లాసంతా బోటెక్కుతాం," అంది ఉపేంద్రతో. "టీచరు తీసుకెళ్తాది. మా రాజకుమారి కూడా వస్తాది. వాళ్ల నాన్న ఎన్నిసార్లడిగినా వద్దన్నాడు. వాళ్లది పొలం పని కదా, సముద్రమంటే బయ్యం. టీచరు వాళ్లింటికెళ్లి బతిమాలితే మొన్నే సరేనన్నాడు. అది తిమింగలం బొమ్మేసింది బావా, ఎంత బాగుందో! తోక మాత్రం గీయనేదు. కళ్లారా సూసాకే గీస్తాదట."

"రేపు అందరూ చూస్తారు. నేను తప్ప," అని ముఖం ముడుచుకున్నాడు ఉపేంద్ర.

సరిగ్గా అప్పుడే రాళ్ల అవతల నీళ్లు కదిలాయి. నల్లటి వీపు ఒకటి మెల్లగా పైకి తేలింది. ఫూ... అని పొగలాంటి నీటి తుంపర లేచింది. ఆ పక్కనే ఇంకోటి, బుల్లి తుంపర.

"అదిగో! అదిగో! బావా, సూడు!" విశాలి గొంతు కీచుమంది.

ఉపేంద్ర ఫోన్ తీసి, కళ్లు చికిలించి చూసేసరికి తుంపర గాలిలో కలిసిపోయింది. తల్లి తిమింగలం కదలకుండా నీళ్ల మీద తేలుతూ పడుకుంది. అలలు దాని వీపుకి తగిలి జారిపోతున్నాయి.

"ఏదీ? ఆ నల్లదా?" ఉపేంద్ర పకపకా నవ్వాడు. "రాయే అది! దాని చుట్టూ ఉన్నవన్నీ రాళ్లేగా. రాయిని చూపించి తిమింగలమంటావేంటే!"

"రాయి కాదు! పడుకున్నాది!"

"రాయి పడుకుంది! పాపం నిద్రపోతోంది, జోల పాడు!" అంటూ ఇంకా నవ్వాడు. "మా క్లాసులో చెప్తాను. మా మావయ్య కూతురు రాళ్లకి పేర్లు పెడుతుందని. పెద్ద రాయి, బుడ్డ రాయి!"

విశాలికి ఏడుపొచ్చినంత పనైంది. చెవులు వేడెక్కాయి. ఒక్క బోటు, ఒకే ఒక్క బోటు దగ్గరికొస్తే చాలు. తల్లి లేస్తుంది, తోక ఎత్తుతుంది. అప్పుడు ఈ బావ నోరు మూతపడుతుంది!

లేచి నిలబడింది. గుడ్డ రెండు చేతులతో పట్టుకుని, అటూ ఇటూ ఊపింది. గట్టిగా ఊపింది.

ముందు మధ్యాహ్నం బోటు తిరిగింది. అది ధనరాజ్ బోటు. లైఫ్ జాకెట్లు వేసుకున్న జనంతో నిండుగా ఉంది. విశాలి అనుకున్నది ఆ ఒక్క బోటే.

కానీ వేట నుంచి తిరిగొస్తున్న బోట్లు కూడా గుడ్డని చూశాయి. వాటికి ఆ గుడ్డంటే తిమింగలం కాదు, చేపలు! ఒకటి తిరిగింది. ఇంకోటి తిరిగింది. వాటిని చూసి ఇంకో రెండు. చేపల గుంపు ఎవరికి ముందు దొరికితే వాళ్లదే కదా! డుబుడుబుడుబుమని ఇంజన్లన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి.

"అమ్మో," అంది విశాలి. గుడ్డ దించేసింది. కానీ దించిన గుడ్డని ఎవరు చూస్తారు?

బోట్లు రాళ్లని చుట్టి అవతలికి వచ్చేశాయి. తల్లి ఉలిక్కిపడి మునిగింది. బుడ్డోడు మునగలేదు. వాడికి ఎటు వెళ్లాలో తెలియలేదు. రెండు బోట్ల మధ్య ఇరుక్కుని గుండ్రంగా తిరిగాడు. అప్పుడు తల్లి పైకొచ్చింది. బుడ్డోడి పక్కన కాదు, బోట్లకి ఇవతల పక్కన. మధ్యలో బోట్లు. అటు బిడ్డ, ఇటు తల్లి.

తల్లి తోక ఎత్తింది. ఇంటి కప్పంత తోక. దాన్ని నీళ్ల మీద ధబాలున కొట్టింది. ఆ చప్పుడు దిబ్బ మీదికి వినిపించింది. ధనరాజ్ బోటు ఒక పక్కకి ఒరిగిపోయింది. జనం కెవ్వున కేకలు పెట్టారు. ఎవరో ఒక చిన్న పాపని చెయ్యి పట్టి వెనక్కి లాగారు.

"ఇంజన్లు ఆపండర్రా! ఆపండి!" అని ఎవరో అరుస్తున్నారు. అది విశాలి నాన్న అప్పలసూరి గొంతు. వేట బోట్లలో ఆయన బోటు కూడా ఉంది.

ఒక్కో ఇంజనూ ఆగింది. తల్లి బోట్ల కిందుగా దూరి అవతలికి వెళ్లింది. బుడ్డోడు దాని కడుపుకి అతుక్కుపోయాడు. ఒక తుంపర. కొంచెం దూరంలో ఇంకో తుంపర. ఇంకా దూరంలో మరొకటి. అవి నేరుగా నడి సముద్రంలోకి వెళ్లిపోయాయి.

ఉపేంద్ర చేతిలో ఫోన్ అలాగే ఉంది. వీడియో తియ్యడం మర్చిపోయాడు.

"నిజమేనే," అన్నాడు చిన్నగా. "తిమింగలమే."

విశాలి గెలిచింది. గెలిస్తే ఇలా ఉంటుందని ఆమెకి తెలీదు.

* * *

నానమ్మ ఆ చప్పుడు విని, గంజి సగంలో వదిలేసి పరిగెత్తుకొచ్చింది. దిబ్బ ఎక్కి ఆయాసపడుతూ సముద్రాన్ని చూసింది. రాళ్ల చుట్టూ ఉన్న బోట్లని చూసింది. విశాలి చేతిలో గుడ్డని చూసింది. మెల్లగా ఆ గుడ్డ తీసుకుని నడుముకి దోపుకుంది.

ధనరాజ్ తడిసిన బట్టలతో దిబ్బ ఎక్కి వచ్చాడు. కోపంతో ఊగిపోతున్నాడు.

"జగ్గమ్మత్తా! అయి రాళ్ల కాడుండగా గుడ్డెందుకు ఊపినావు? బోటు తిరగబడిపోను! నా బోటులో పసిపిల్లలున్నారు! నువ్వే కదేటి ఊరందరికీ సెప్పినావు, అక్కడికెల్లొద్దని?"

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి అనుకుంది విశాలి. నోరు తెరిచింది. మళ్లీ మూసేసింది.

నానమ్మ ఒక్కసారి విశాలి వైపు చూసింది. తర్వాత ధనరాజ్ వైపు తిరిగింది.

"కనబడనేదురా దనరాజూ," అంది. "లోతులో ఉన్నాయనుకున్నాను."

ధనరాజ్ కోపం కాస్త తగ్గింది. కానీ ఆ తర్వాత అన్న మాట కోపం కన్నా అన్యాయంగా ఉంది.

"కళ్లకి మసకొచ్చీసినాది అత్తా నీకు. తప్పు నీది కాదు, వొయసుది. రేపట్నించి నువ్వు కూసోకు. మా అన్న కూసుంటాడు. గుడ్డ ఇలగియ్యి."

నానమ్మ నడుముకున్న గుడ్డ తీసి ఇచ్చేసింది.

ఉపేంద్ర సాయంత్రం బస్సెక్కుతూ, "నేనెవరికీ చెప్పను లే, భయపడకు," అని గుసగుసలాడాడు. మంచి మాటే అన్నాడనుకున్నాడు పాపం. విశాలి మాత్రం బస్సు కదలకముందే ఇంటి దారి పట్టింది.

ఇంటికొచ్చేసరికి నానమ్మ పెరట్లో కూర్చుని ఎండబెట్టిన నెత్తళ్ల చేపల్ని తిరగేస్తోంది. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చుంది. నానమ్మ అలా కూర్చోవడం విశాలి ఎప్పుడూ చూడలేదు.

"నానమ్మా, ఎందుకలగ సెప్పినావు?"

"మరేటి సెప్పమంటావు? ఊరంతా నిన్ను పీక్కు తినీదురు. నాకేటి, ముసిల్దాన్ని. నన్నేటంటారు?" అంది నానమ్మ తలెత్తకుండా. "ఎల్లు, కాళ్లు కడుక్కో."

మాట మామూలుగానే ఉంది. కానీ నానమ్మ చెయ్యి మాటిమాటికీ నడుము దగ్గరికి వెళ్తోంది. అక్కడ గుడ్డ లేదని గుర్తొచ్చి, మళ్లీ నెత్తళ్ల మీదికి వస్తోంది.

* * *

ఆదివారం పొద్దున్న క్లాసు పిల్లలందరూ జెట్టీ మీద గోల గోలగా నిలబడ్డారు. లైఫ్ జాకెట్లు పెద్దవైపోయి కొందరికి గడ్డం దాకా వచ్చేశాయి. "ఒరే, నువ్వు తాబేలులా ఉన్నావురా!" "నువ్వే తాబేలువి!" అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారు.

రాజకుమారి పాత క్యాలెండర్ కాగితం గుండ్రంగా చుట్టి పట్టుకొచ్చింది. దాని వెనకే తిమింగలం బొమ్మ ఉంది. పెన్సిల్ కూడా తెచ్చుకుంది. బోటెక్కేటప్పుడు భయంతో విశాలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నువ్వు నా పక్కనే కూకో. ఎటేపు సూడాలో సెప్పు. నువ్వైతే బాగా సూసినావు కదా."

"ఊఁ," అంది విశాలి.

ధనరాజ్ బోటు నడుపుతున్నాడు. దిబ్బ మీద వాళ్ల అన్న కూర్చున్నాడు. పసుపు గుడ్డ ఆయన భుజాన ఉంది. అది పైకి లేవలేదు.

బోటు రాళ్లకి దూరంగా ఆగింది. ఏమీ లేదు. లోతులోకి వెళ్లింది. ఇంజన్ ఆపారు. పిల్లలందరూ ఊపిరి బిగబట్టి చూశారు. నీళ్లు బోటుకి తగిలి చప్పుడు చేస్తున్నాయి. ఒక పక్షి వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లిపోయింది.

"టీచర్, అదా?"

"కాదమ్మా, అల."

"టీచర్, అదేటి?"

"అది కూడా అలే."

కాసేపటికి పిల్లలు విసుగెత్తి పల్లీలు పంచుకోవడం మొదలుపెట్టారు. రాజకుమారి మాత్రం కళ్లార్పకుండా చూస్తూనే ఉంది. ఎండకి కళ్లలోంచి నీళ్లు కారుతున్నా చూస్తూనే ఉంది. ఒళ్లో బొమ్మ తెరిచి పెట్టుకుంది. తల ఉంది. వీపు ఉంది. పొడుగాటి రెక్కలున్నాయి. వెనక భాగం ఖాళీ.

"విశాలీ, తోకెలగుంటాది?" అని అడిగింది. "నువ్వు సూసినావు కదా. ఎలగుంటాదో సెప్పు, పోనీ."

ఇంటి కప్పంత ఉంటుంది. కోపంతో నీళ్లని కొడుతుంది. బిడ్డ కోసం కొడుతుంది.

"నాకు తెలవదు," అంది విశాలి.

బోటు వెనక్కి తిరిగింది. జెట్టీ దగ్గర టీచరు దిగుతూ, "ఏం చేస్తాం ధనరాజ్ గారూ. ఈ పిల్ల ఎంత ఆశ పెట్టుకుందో," అని రాజకుమారి తల నిమిరింది. "మళ్లీ వస్తాయంటారా?"

"ఏటి సెప్పగలం మేడం? బెదిరిపోనాయి కదా. నిన్న జగ్గమ్మ..." ధనరాజ్ తల అడ్డంగా ఊపాడు. "పాపం ముసిల్ది. కళ్లు కనబడక గుడ్డ ఊపీసినాది. ఆ ముసిల్దాని వల్ల..."

"నానమ్మ కాదు!"

అందరూ తిరిగి చూశారు. ఆ కేక ఎవరిదో విశాలికి కూడా ఒక్క క్షణం తెలియలేదు. తనదే.

"మా నానమ్మ ఊపనేదు. ఊపొద్దని నాకు సెప్పి మరీ ఎల్లినాది. నేనే ఊపినాను. మా బావ రాయి, రాయి అని నవ్వినాడని ఊపినాను. మా నానమ్మ కళ్లు బాగున్నాయి. బాగా కనబడతాయి." గుక్క తిప్పుకోకుండా అనేసింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది విశాలికి. జెట్టీ చివర వలలు దులుపుతున్న నాన్న చేతులు ఆగిపోయాయి. ధనరాజ్ తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

రాజకుమారి బొమ్మని మళ్లీ గుండ్రంగా చుట్టింది. చాలా మెల్లగా, ముడత పడకుండా చుట్టింది. విశాలి వైపు చూడకుండా టీచరు పక్కకెళ్లి నిలబడింది.

* * *

ఆ మధ్యాహ్నమే ధనరాజ్ ఇంటికొచ్చాడు. పసుపు గుడ్డ మడతపెట్టి తెచ్చాడు.

"అత్తా, తప్పైపోనాది. నోటికొచ్చినట్టనీసినాను."

"నువ్వు అనడమేటి, నానే కదరా అలగ సెప్పినాను," అంది నానమ్మ. గుడ్డ తీసుకుని నడుముకి దోపుకుంది. అతను వెళ్లాక విశాలి వైపు తిరిగి, "ఎవులు సెప్పమన్నారే నిన్ను?" అని గదమాయించింది. కానీ ఆ రోజు అన్నంలో చేప ముక్క తీసి, ముళ్లు వలిచి విశాలి కంచంలో పెట్టింది. చిన్నప్పుడు పెట్టినట్టు.

నానమ్మ దిబ్బ మీదికి తిరిగి వెళ్లింది. తిమింగలాలు మాత్రం తిరిగి రాలేదు.

విశాలి రోజూ స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచీ పడేసి దిబ్బ ఎక్కేది. నానమ్మ పక్కన కూర్చుని రాళ్ల అవతలే చూసేది. బుడ్డోడు తల్లిని అంటుకునే ఉన్నాడా? రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటున్నారు? ఇంకెక్కడైనా రాళ్లు దొరికాయా?

"వస్తాయా నానమ్మా?"

"దానికి మనవేటి సుట్టాలమా, పిలిస్తే రాడానికి?" అనేది నానమ్మ. ఇంకో రోజు అదే మాట అడిగితే, "ఏమోనే," అనేది.

గంజి తాగడానికి వెళ్లేటప్పుడు ఇప్పుడు గుడ్డ తనతోనే పట్టుకెళ్లేది. విశాలి అడగలేదు. అడిగే ముఖం లేదు.

స్కూల్లో రాజకుమారి వేరే బెంచీలో కూర్చునేది. తిట్టేది కాదు. దెబ్బలాడేది కాదు. ఊరికే వేరే బెంచీలో కూర్చునేది. ఒక రోజు విశాలి వెళ్లి ఆమె బెంచీ దగ్గర నిలబడింది.

"శనివారం మా దిబ్బ మీదికి వస్తావా? తిమింగలాలు వస్తాయని కాదు. రావేమో. ఊరికే. అక్కడ నుంచి సముద్రమంతా కనబడతాది. బోటెక్కక్కర్నేదు."

రాజకుమారి చాలాసేపు పుస్తకం మీద గీతలు గీస్తూ కూర్చుంది.

"మా నాన్ననడగాల," అంది చివరికి.

* * *

శనివారం ఆమె వచ్చింది. నేరేడు రంగు స్వెటరు వేసుకుని, వాళ్ల పొలంలో పండిన నువ్వులతో చేసిన ఉండలు డబ్బాలో తెచ్చింది. ఒకటి నానమ్మకిచ్చింది. ఒకటి తను తింది. కాసేపాగి ఒకటి విశాలికి కూడా ఇచ్చింది.

ఎండెక్కాక నానమ్మ లేచింది. నడుముకున్న గుడ్డ తీసింది. దాన్ని చూసింది, విశాలిని చూసింది. తర్వాత గుడ్డని విశాలి ఒళ్లో పడేసింది.

"సరుగుడు తోటలో ఓ కునుకు తీసొస్తాను," అంది. అంతే. ఊపు అనలేదు, ఊపొద్దు అనలేదు.

విశాలి గుడ్డని చేతుల్లోకి తీసుకుంది. ఆ గుడ్డ ఇంత బరువుంటుందా అనిపించింది.

దూరంగా లోతులో నాన్న బోటు ఆగి ఉంది. దాని నిండా ఉపేంద్ర, అతని స్నేహితులు. తిమింగలాలు వెళ్లిపోయాయని చెప్పినా వినకుండా విజయనగరం నుంచి వచ్చారు. పొద్దుట్నించీ తిరుగుతున్నారు. ఏమీ కనపడలేదు.

ఉన్నట్టుండి రాజకుమారి విశాలి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అదేటే?"

రాళ్ల అవతల నీళ్లలో ఏదో మెరిసింది. నున్నటి బూడిద రంగు వీపు. ఇంకోటి. వాటి మధ్యలో చెయ్యంత చిన్నది. మెల్లగా, ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరుగుతున్నాయి.

"తిమింగలమా?" రాజకుమారి మోకాళ్ల మీద లేచింది.

"కాదు," అంది విశాలి. "డాల్ఫిన్లు. పిల్లతో ఉన్నాయి."

రాజకుమారి ముఖం కొంచెం చిన్నబోయింది. అయినా కళ్లు తిప్పుకోలేదు. చిన్నది నీళ్లలోంచి ఎగరబోయి, ఎగరలేక, బొళుక్కున పడింది. రాజకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. విశాలి ఆ నవ్వు విని చాలా రోజులైంది.

నానమ్మ వదిలి వెళ్లిన బటన్ ఫోన్ మోగింది. ఉపేంద్ర.

"విశాలీ, ఏమైనా కనిపించిందా? ఏదో ఒకటి చూపించవే! వీళ్లందరూ నన్ను పీకుతున్నారు. నా పరువు పోతోంది ఇక్కడ!"

విశాలి రాళ్ల వైపు చూసింది. చిన్నది తల్లి పక్కన ఒదిగిపోయి ఆగింది.

"గుడ్డ లేచిందా బావా?"

"లేదు."

"అయితే ఇక్కడేటీ నేదన్నట్టే."

ఫోన్ పెట్టేసింది. దూరంగా బోటులో నాన్న నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని దిబ్బ వైపే చూస్తున్నాడు. ఒక్కసారి ఊపితే చాలు. అందరూ సంతోషిస్తారు. ఈల వేస్తారు. ఉపేంద్ర పరువు నిలబడుతుంది.

"ఊపవా?" అని అడిగింది రాజకుమారి.

విశాలి గుడ్డని నాలుగు మడతలు పెట్టింది. ఇసుక మీద పరిచింది. దాని మీద కూర్చుంది.

"బాలెంత ఇల్లది," అంది. "గట్టిగా మాటాడకు."

సరుగుడు తోట నీడలో, నిద్రపోతున్న నానమ్మ ఒక కన్ను తెరిచి చూసింది. మళ్లీ మూసుకుంది.

రాజకుమారి సంచీలోంచి క్యాలెండర్ కాగితం తీసి ఒళ్లో పెట్టుకుంది. తిమింగలం తోక ఉండాల్సిన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. ఆ ఖాళీని తను ముట్టుకోలేదు. కాగితం కింద మూల, బాగా చిన్నగా, ఎగరడం రాని ఒక డాల్ఫిన్ పిల్లని గీయడం మొదలుపెట్టింది. విశాలి పక్కకి జరిగి, గుడ్డ మీద ఆమెకి కూడా చోటిచ్చింది.